సగరులు త్రవ్విన గుంట

గడచిన మాఘమాసమున మా వంటయింటి కానుకొని యొక చిన్న గది వేయింప సంకల్పించితిమి. మాది నెల్లూరు సీమలో సముద్రపుటొడ్డు పల్లె. బకింగ్‌హాము కాలువ దాఁటిన ఇసుక. ఇసుక దాఁటిన సముద్రము. ఎంత లోఁతు త్రవ్వినను గోలీకాయంత గులకఱాయియైన దొరకదు. కాఁబట్టి పునాదికి వలయు ఱాయి యంతయు పడమటి మెట్టసీమనుండి రావలసినదే. మేస్త్రీ యొక ట్రాక్టరువానితో బేరమాడి, రెండు లోడ్ల ఱాయి సరసమైన వెలకుఁ దోలించెను.

ఱాయి దిగఁగనే మా పిల్లల కన్నులు చెదరినవి. తెల్లని పలుగుఱాళ్లు, లేఁతగులాబి వన్నెగల ఱాళ్లు, వాని నడుమ మిలమిల మెఱయు అభ్రకపు రేకులు! మా చిన్నమ్మాయి ఆ రేకులు దోసిటినిండ ఏఱుకొని "అమ్మా, కాకిబంగారము!" అని పరుగెత్తి వచ్చినది. వచ్చు సంక్రాంతికి బొమ్మలకొలువులో కొండల కద్దవలెనని డబ్బాలో దాఁచుకొన్నది.

సాయంకాలము మావారు బడినుండి వచ్చి, ఒక ఱాతిని చేతఁ బట్టుకొని చాలసేపు త్రిప్పి త్రిప్పి చూచిరి. అప్పటికే మేస్త్రీ పునాదిలో ఒక వరుస పఱచి యుండెను. "ఇది యే గనిలోని ఱాయి?" అని ట్రాక్టరువాని నడిగిరి. వాఁడు తల గోఁకికొని, "ఏదో పాత మైకా గుంట కాడ దిబ్బ సార్. అది ఎవురిదీ కాదు. ఎవురైనా తోలుకోవచ్చు" అనెను.

ఎవరిదియుఁ గాని దిబ్బ! ఈ మాసమున మా ముచ్చటకు ఆ మాటయే బీజము.

మన నెల్లూరు అభ్రకమునకు ఒకనాఁడు ఖండాంతరములందుఁ గీర్తి యుండెను. గూడూరు, సైదాపురము, రాపూరు, పొదలకూరు, ఆత్మకూరు ప్రాంతముల మెట్టభూములలో 19వ శతాబ్దము చివరనుండి గనులు త్రవ్విరి. ఆకుపచ్చని చాయగల మన అభ్రకము వేఱొక చోటి అభ్రకముతోఁ గలిపినను కనిపెట్టవచ్చును. వేఁడిమికిఁ గరఁగదు, విద్యుత్తును పోనీయదు. అందువలన రేడియోలకు, విమానముల యంత్రములకు, మన ఇండ్లలోని విద్యుత్ ఇస్త్రీపెట్టెలకు సయితము ఇదియే ఆధారమయ్యెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున దీనికిఁ గలిగిన గిరాకి యింతింత గాదు. గనినుండి వచ్చిన దిమ్మలను రేకులుగాఁ జీల్చి, అంచులు గోసి, వన్నెలవారిగ ఏర్పఱచు పనిలో స్త్రీలే పెక్కండ్రు. తరువాతి కాలమున కృత్రిమ పదార్థములు వచ్చినవి, గిరాకి పడిపోయెను, గనులు ఒక్కొక్కటిగ మూఁతపడినవి. మూఁతపడిన వని వాడుకగా ననుచున్నాము గాని, వానిని మూసినవారెవరు? త్రవ్వుట మానిరి, అంతియే. గుంటలు గుంటలుగనే, దిబ్బలు దిబ్బలుగనే నిలిచిపోయినవి.

మావారు కొన్నియేండ్లక్రిందట ఆ సీమలోని యొక పల్లెబడిలోఁ బనిచేసిరి. అచ్చట మాకుఁ బాలు పోయు అవ్వ పడుచుతనమున గనికొట్టములో అభ్రకము చీల్చినది. ఆమె బొటనవ్రేలి గోరు ఒక ప్రక్కకు వంగియుండెడిది. రేకు సందున గోరు దూర్చి చీల్చి చీల్చి యట్లయినదఁట. ఊరి వెలుపల నున్న గుంటలో నీరు నిలిచి, చూచుటకుఁ బచ్చల హారమువలె నుండెడిది. ఎండకాలమున గేదెలను గడుగఁబోయి, అవ్వ రెండవ కొడుకు, పదునొకండేండ్లవాఁడు, ఆ గుంటలో మునిఁగి తిరిగి రాలేదు. గనిగుంటకుఁ జెఱువునకువలె వాలుగట్టు ఉండదు. ఒక్క అడుగు ముందుకుఁ బెట్టిన పాతాళమే. అవ్వ మాతో నొకనాఁ డనినది: "తవ్వినోళ్లు పొయ్యారు తల్లీ. తీసకపోయేది తీసకపొయ్యారు. గుంట మాత్రం మాకు మిగిలింది."

ఆ మాట మా మనస్సున నుండఁగనే మావారు మఱియొక సంగతి చెప్పిరి. అభ్రకముండు ఆ ఱాతిపొరలలోనే అక్కడక్కడ కొన్ని యరుదైన ఖనిజములు గూడ నుండును. బెరిల్ అనునది యొకటి. సమర్‌స్కైటు అనునది మఱియొకటి. ఇది నల్లగ, నిగనిగలాడుచు, పరిమాణమునకు మించిన బరువు గలిగియుండును. నెల్లూరు జిల్లాలోని శంకర యను అభ్రకపు గనిలో ఇది దొరకినట్లు భూగర్భశాస్త్రజ్ఞులు 20వ శతాబ్దపు తొలినాళ్లలోనే వ్రాసియుంచిరి. ఇందు యురేనియము గలదు. ఇట్టి ఖనిజములలో యురేనియము సీసముగా మాఱిన లెక్కనుబట్టి, మన సీమలోని యీ ఱాళ్ల వయస్సు నూఱుకోట్ల యేండ్లకు మించినదని తేల్చిరి.

ఇది విని మీలోఁ గొందఱు బెదరుదురేమో! గోరంతను గొండంత చేయుట మా యుద్దేశము గాదు. మన సీమలో యురేనియము కొఱకుఁ ద్రవ్విన గని లేదు. అభ్రకపు దిబ్బలోని ఱాయి నూటికి తొంబదిపాళ్లకుఁ బైగా వట్టి పలుగుఱాయి, దాని తోఁబుట్టువులును. అభ్రకము స్వయముగా విషము గాదు. మా అత్తగారు, "మా కాలములో కాకిబంగారము సున్నములోఁ గలిపి గోడలకుఁ బూసినాము, మాకేమైనది?" అని గద్దించిరి, ఆమె మాట నిజమే. అయినను ఏ దిబ్బలో ఏమున్నదో చెప్పువాఁడు లేనప్పుడు, ఇంటిలోపలి గోడకు ఆ ఱాయి పెట్టవచ్చునా? ఈ ప్రశ్న యేల వచ్చెనో తెలియవలెనన్న యురేనియము వంశవృక్షమును గొంచెము చూడవలెను.

యురేనియము ఒక పెద్ద కుటుంబమునకు మూలపురుషుఁడు. దాని యాయువు సగమగుటకు సుమారు 450 కోట్ల యేండ్లు పట్టును. అది మెల్లమెల్లగా మాఱి థోరియమును, థోరియము రేడియమును, రేడియము రేడాను అను వాయువును గనును. ఈ థోరియమునకు అర్ధాయువు 75 వేల యేండ్లు. రేడియమునకు 1600 యేండ్లు. రేడానుకు నాలుగు దినములైన లేదు. గనిలోని ఱాతిని బొడిచేసి యురేనియమును దీసికొనిపోయిన తరువాత, మిగిలిన పిప్పిలో ఆ సంతానమంతయు నిలిచియే యుండును. తండ్రి దేశాంతరము వెడలినను బిడ్డలు ఇంటనే యున్నట్లు! అందువలన తొలి యూరేనియపు ఱాతిలోని కిరణశక్తిలో 100కి 85 పాళ్లు ఆ పిప్పిలోనే నిలుచు నని లెక్క కట్టిరి. రేడాను గాలికంటె బరువైనది. రంగు లేదు, వాసన లేదు. బయట నున్న గాలిలోఁ గలిసి చెదరిపోవును గాని, తలుపులు మూసిన గదిలోఁ బేరుకొనును. దాని బిడ్డలు ఊపిరితిత్తులకు అంటుకొని, ఏండ్ల తరబడి పీల్చినవారికి రాచపుండు కలిగింపవచ్చును.

వ్యర్థమని పాఱవేసినదానిలోనే శక్తి మిగిలియుండునని లోకమునకుఁ జాటినది మన స్త్రీజాతి రత్నమే. జోకిమ్‌స్థాల్ అను ఊర గాజునకు రంగు వేయుటకై యురేనియమును దీసికొని, మిగిలిన మడ్డిని పైన్ చెట్ల యడవిలోఁ బాఱఁబోసిరి. మేరీ క్యూరీ ఆ మడ్డిని బస్తాలతోఁ దెప్పించుకొని, కాఁచి వడపోసి, 1898లోఁ దాను భర్తతోఁ గూడి కనుఁగొన్న రేడియమును దానినుండి వేఱుచేసెను. ఆమె 1934లో రక్తక్షయముతోఁ బరలోకగతురా లయ్యెను. ఆమె వ్రాసికొన్న పుస్తకములు నేఁటికిని సీసపుఁబెట్టెలలో నుంచఁబడియున్నవి.

ఇఁక ఎవరిదియుఁ గాని దిబ్బల కథ యెట్లుండునో అమెరికాలోని నవహో జాతివారిని జూచి తెలిసికొనవచ్చును. వారి నేలలో 1944 మొదలు 1986 వఱకు మూఁడుకోట్ల టన్నులకుఁ జేరువగ యురేనియపు ఱాయి త్రవ్విరి. పని ముగిసినవెనుక 500లకు మించిన గనులను విడిచిపోయిరి. దిబ్బమీఁది ఱాయి బల్లపరుపుగ, చేతి కందునట్లుగ నుండుటచే, అచ్చటి పేదవారు దానితో ఇండ్లు గట్టికొనిరి, పొయ్యిగడ్డలు వేసిరి, నేల పఱచిరి. ఆ గుంటలలోని నీటినే గొఱ్ఱెలకుఁ బెట్టిరి. 1979 జూలై 16వ తేదిని చర్చ్‌రాక్ అనుచోట మడ్డిచెఱువు కట్ట తెగి, 1100 టన్నుల మడ్డియు, కోట్లకొలది గాలనుల నీరును వారి యేటిలోఁ గలిసెను. 2007 తరువాతఁ గాని ప్రభుత్వము ఒక పద్ధతి ప్రకారము ఇల్లిల్లు పరీక్షింపలేదు. కొన్ని యిండ్లను గూల్చి, క్రొత్తవి కట్టించి యిచ్చిరి. తల్లులు దినదినము అలికి ముగ్గువేసిన నేలయే శత్రువని తెలిసినప్పుడు ఆ గృహిణులకు ఎట్లుండెనో ఊహించుకొనుఁడు!

మంచి యుదాహరణ మొకటియుఁ గలదు. తూర్పు జర్మనీలో విస్‌మూట్ అను సంస్థ 1946 మొదలు 1990 వఱకు రెండు లక్షల టన్నులకుఁ బైగా యురేనియము దీసెను. దేశము ఏకమైనపిదప, 1991 నుండి ప్రభుత్వమే ఆ భారమును మీఁద వేసికొనెను. రోన్నెబుర్గ్ ఊరికడ కొండలవలెఁ బెరిఁగిన దిబ్బలను బండ్లతో మోసి, లిష్టెన్‌బెర్గ్ అను మహాగర్తములోనే తిరిగి పోసి పూడ్చిరి. ఎచ్చటనుండి తీసిరో అచ్చటనే పెట్టుట! 2007లో ఆ నేలమీఁదనే జాతీయ పుష్పప్రదర్శన జరిగెను. వందలకోట్ల యూరోలు వ్యయమైనను పని పూర్తికాలేదు. గనులనుండి ఊరు నీటిని నేఁటికిని శుద్ధిచేయుచునే యున్నారు.

ఈ శుద్ధి యెట్లు చేయుదురని మీరడుగవచ్చును. మొదట కిరణముల గుర్తించు యంత్రముతో నేలనంతయు గళ్లుగళ్లుగ నడచి పటము వ్రాయుదురు. అపాయకరమైన నోళ్లను మూయుదురు. చెదరిన దిబ్బలను ఒకచోటికిఁ జేర్చి, వాన కోఁతపెట్టకుండ వాలు సరిచేయుదురు. దానిపై బంకమట్టిని దట్టముగఁ ద్రొక్కించి పఱతురు. మట్టి తడిగా, బిగువుగ నున్నంతకాలము రేడాను పైకి వచ్చులోపల నశించును. మట్టిమీఁద ఱాయి, ఆపైన మన్ను, పచ్చిక. ఊరు నీటిలో సున్నమును, బేరియము లవణమును గలిపి లోహములను రేడియమును అడుగునకు దింపుదురు. ఇంతయు జేసి, చుట్టునున్న నూతులను ఏటేట పరీక్షింతురు. ఇట్టి కప్పు సాధ్యమైనంతవఱకు 1000 యేండ్లు, తక్కువపక్షము 200 యేండ్లు నిలువవలెనని అమెరికాలో నియమము. మనము కుంపటి బూడిదను గుంటలోఁ బోసి మన్ను కప్పుటవంటిదే యీ పని. భేద మేమనఁగా, ఈ బూడిద చల్లారదు. అందుచేత కప్పినవారు పోయినను కాపాడువారు ఉండవలెను.

మన యాంధ్రదేశముననే కడప జిల్లాలో, పులివెందులకు సమీపమున తుమ్మలపల్లె గని గలదు. 2007లో శంకుస్థాపన జరిగి, ఇప్పుడు నడచుచున్నది. దాని మడ్డి చెఱువు చెంతనున్న పల్లెలవారు తమ బోరుబావుల నీరు చెడెననియు, అరఁటితోఁటలు పాడైనవనియు మొఱపెట్టికొనిరి. సంస్థవారు తమవలన హాని లేదనిరి. ఈ వివాదమును మేము తీర్పఁజాలము. గాని యొక్కటి చెప్పవచ్చును. గని నడచునాఁడే నూతినీటి లెక్కలు ఊరివారి చేతికిని రావలెను. గని మూఁతపడిన నాఁటికి అడుగువాఁడును ఉండఁడు, చెప్పువాఁడును ఉండఁడు.

మన అభ్రకపు గుంటల విషయమున జరిగినది ఇదియే గదా! గని మూసివేయు విధమును ముందుగనే వ్రాసియిచ్చి ధరావతు కట్టవలెనను నియమము 2003లో వచ్చినది. అంతకు మున్నే విడువఁబడిన గుంటలకు అట్టి పత్రము లెక్కడివి? ఇప్పుడు వేఱొక చిక్కు గూడ రానున్నది. 2015లో చిన్నతరహా ఖనిజముల వరుసఁ జేర్చిన అభ్రకమును, పలుగుఱాతిని 2025 ఫిబ్రవరిలో మరలఁ బెద్ద ఖనిజముల వరుసకు మార్చిరి. ఆ ఱాళ్ల వెంట దొరకు అరుదైన లోహములకు నేఁడు గిరాకి హెచ్చుటయే దీనికిఁ గారణము. ప్రాతగుంటలు తిరిగి తెఱచువారు వచ్చినయెడల, మున్ను విడిచిన దానిని గూడ పూడ్చి పొమ్మని యడుగుటకు ఇదియే సమయము.

అడుగుటకు మన కేమి యధికారమందురా? 2015 చట్టసవరణచే జిల్లా ఖనిజనిధి యేర్పడినది. గనులవారు చెల్లించు సొమ్ములో నొకభాగము అందుఁ జేరును. గనుల వలన నొచ్చిన ఊళ్లకు త్రాగునీరు, ఆరోగ్యము, స్త్రీశిశు సంరక్షణ అను వాని కందు ప్రథమస్థానము. గ్రామసభలో ఒక్క గృహిణి లేచి, "మా ఊరి గుంటకు కంచె వేయింపుఁడు; మా నూతినీరు పరీక్షింపింపుఁడు" అని వ్రాఁతమూలముగ నడిగిన అది పుస్తకమున కెక్కును.

ఇంటివిషయమున గుర్తుంచుకొనవలసినవి కొన్ని గలవు. నీటిలోని యురేనియము కాఁచినంతమాత్రమునఁ బోదు. నీరు ఇగిరినకొలఁది అది చిక్కనగును. లీటరు నీటిలో 30 మైక్రోగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మేర. ముందుగ దెబ్బతినునది మూత్రపిండములు. అనుమానమున్న చోట ఆర్.ఓ. యంత్రపు నీరు మేలు. పరీక్ష అన్నిటికంటె మేలు. గని దిబ్బలపై పిల్లల నాడనీయకుఁడు. కిరణములమాట యటుంచి, పలుగుఱాతి ధూళి చాలు ఊపిరితిత్తులను గట్టిపఱచుటకు. మెఱయునది ప్రతిదియు పోపులపెట్టెకడకుఁ దేవలసినది గాదు.

మా ఱాళ్ల సంగతి ముగించెదము. పదునొకండు దినములు పని నిలిచినది. మేస్త్రీ సణిఁగెను, అత్తగారు మౌనవ్రతము పట్టిరి. ఱాళ్లను తిప్పి పంపుదమా యని తొలుత ననుకొంటిమి. కాని మేము వలదన్న ఱాయి మఱియొక యింటి గోడలోఁ జేరునుగదా యని మనసు రాలేదు. మావారు నల్లని గీఱలు గల ఱాళ్లు నాల్గయిదు ఏఱి, నెల్లూరిలో భూగర్భశాస్త్రము చెప్పు మిత్రునొకనికడకుఁ గొనిపోయిరి. ఆయన తన చిన్న యంత్రముతోఁ జూచి, సాధారణపు ఱాతికంటె హెచ్చేమియు లేదనిరి. ఊపిరి తీసికొంటిమి. అయినను గది పునాదిలోని వరుసను దీయించి, పేరు తెలిసిన నల్లఱాతి క్వారీనుండి వేఱు ఱాయి తెప్పించితిమి. ఈ ఱాయిని గాలి యాడు పెరటి ప్రహరికి వాడితిమి. మా లోడు మంచిదే. దానివలన దిబ్బ మంచిదని తేలలేదు. రేపు మఱియొక గుంటనుండి మఱియొక లోడు బయలుదేరును.

చిన్నమ్మాయి డబ్బాలోని కాకిబంగారము ఇంకను ఉన్నది. తడిగుడ్డతోఁ దుడిచి, చిదుమవలదని చెప్పి యిచ్చితిమి. దానిని జూచినప్పుడెల్ల అవ్వ వంకర గోరు మాకు జ్ఞప్తికి వచ్చును.

పురాణమున సగరుని కుమారు లఱువదివేలమంది యాగాశ్వముకొఱకు భూమిని త్రవ్వి త్రవ్వి, త్రవ్విన చోటనే భస్మమైరి. ఆ గుంటను నింపి, ఆ బూడిదను బావనము చేయుటకు అంశుమంతుఁడు పూనెను, చాలలేదు. దిలీపుఁడు పూనెను, చాలలేదు. భగీరథుఁడు గంగను దెచ్చెను. మా గుమ్మము ముందు ఘోషించు నీ సాగరము పేరే ఆ కథకు సాక్ష్యము. త్రవ్వుట ఒక తరము పని. శుద్ధిచేయుట కన్ని తరములు పట్టినది. అయినను నడిమి తరములవారు ఆ బూడిద మాది కాదని యనలేదు. గుంట ఎవరిదియుఁ గాదని యనలేదు. పని తమతోఁ దీఱకున్నను, సంగతి మఱవక బిడ్డలకుఁ జెప్పి పోయిరి.

మీ యూర గుంట యున్నయెడల దాని పేరు, అది యెవరు ఎప్పుడు త్రవ్విరో పెద్దల నడిగి యొక కాగితముపై వ్రాసి యుంచుఁడు. పంచాయతికి ఒక ప్రతి యిండు. బడిలో ఒక ప్రతి యుంచుఁడు. అంతవఱకు మన చేతిలోనిదే.